గుడి భాగాలు రాసుకునేటప్పుడు

బిడ్డా,

అలంపూర్, పానగల్లు, పిల్లలమర్రి గుళ్ల భాగాలు పేర్లతో సహా రాసుకొస్తానన్నావు గదా. పేర్ల పట్టిక బట్టీపట్టి పోవద్దు. ముందు బొమ్మ గీసుకో, ఆ తర్వాతే పేరు పెట్టు. గీసేది కూడా అడుగు నుంచే.

గుడి గోడ కింది పీఠాన్ని అధిష్ఠానం అంటారు, దానికే ఎక్కువ పొద్దు పెట్టు. అన్నిటికన్నా కింద ఉపానం, దాని మీద నిటారుగా జగతి, ఆపైన ఉబ్బెత్తుగా కుముదం, లోపలికి నొక్కినట్టు కంఠం, దాని మీద పట్టీలాగా పట్టిక అనే వరస. ఒక మూల చూసుకొని ఒక్కో వరస ఎత్తు టేపుతో సెంటీమీటర్లలో కొలువు. గోడ నుంచి ఎంత ముందుకొచ్చిందో పక్కనే రాయి.

చాలా గుళ్లలో తర్వాత పరిచిన బండలు ఉపానాన్ని, ఒక్కోసారి జగతిని కూడా కప్పేస్తాయి. కనబడే అట్టడుగు వరసే ఉపానమని రాస్తే పైపేర్లన్నీ ఒక మెట్టు తప్పుతాయి. చుట్టూ తిరిగి బండలు లేని జాగా వెతుకు. సున్నంతోనూ చిక్కే. పొర మీద పొర పడితే పట్టెలుగా (అంచులు తేలేటట్టు) చెక్కిన కుముదం గుండ్రంగా కనబడుతుంది. పెచ్చు ఊడినచోట అంచు చూసి తేల్చుకో, గోటితో కూడా గీకొద్దు.

కపోతం, అంటే వంపు తిరిగి ముందుకొచ్చే వరస, రెండుచోట్ల వస్తుంది, అధిష్ఠానం పైఅంచున ఒకటి, గోడ మీద చూరులాగా ఇంకొకటి. అందుకే అధిష్ఠాన కపోతం, ప్రస్తర (గోడ పైవరస) కపోతం అని విడివిడిగా రాయి. శిఖరం దగ్గర ఇంకా జాగ్రత్త. అలంపూర్ నవబ్రహ్మ ఆలయాల్లో ఎక్కువవాటికి గోడ మీద నుంచి, కొనన ఉసిరికాయలాగా ఉండే రాయి ఆమలకం దాకా వంపు తిరిగి లేచేదంతా శిఖరమే. ద్రావిడ పద్ధతిలో మెడలాంటి గ్రీవం మీద కూర్చునే తల ఒక్కటే శిఖరం, దాని కింది అంతస్తులు తలాలు. అక్కడి తారకబ్రహ్మ గుడి ఈ రెండో తరహాది. రెండింటినీ ఒకే జాబితాలో కలపకు.

వాకిలి దగ్గర ద్వారశాఖలను, అంటే ద్వారబంధం నిలువు పట్టీలను, లోపలికి పోయే సందు వైపు నుంచి బయటికి లెక్కపెట్టు. గోడలో చెక్కిన అర్ధస్తంభాన్ని శాఖల్లో కలపకు. వాకిలి మీది అడ్డరాయి ఉత్తరాశి, దాని నడుమ చెక్కిన బొమ్మ లలాటబింబం. అక్కడ గజలక్ష్మి కనబడిందని గుడి అమ్మవారిదని రాయకు, శివాలయాలకూ ఆమెనే పెడతారు. పిల్లలమర్రి ఎరకేశ్వరాలయం 1208 నాటిది. అట్లాంటి కాకతీయ కాలపు గుళ్లలో స్తంభాన్ని చదరం, ఎనిమిది పట్టెలు, గుండ్రం అని ఎక్కడికక్కడ విడగొట్టి కొలువు. పైన పలక, దాని మీద దూలాన్ని మోసే పోతిక.

కూడవెల్లి సంగమేశ్వరాలయం శ్రీశైలం జలాశయం ముంపు వల్ల అలంపూర్‌కు తరలించి తిరిగి కట్టింది. ఆ మాట మొదటి వరుసలోనే రాయి, ఇప్పటి జాగా పాతది కాదు గదా.

ఫొటోలు పొద్దున గానీ సాయంత్రం గానీ, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీయి. నడినెత్తి ఎండలో చూరు నీడ గోడ మీద పడి చెక్కడాలు కలిసిపోతాయి. చలికాలంలో ఉత్తరపు గోడకు ఎండ తగలదు, టార్చిలైటు పక్కనుంచి పట్టు. శాసనాల అక్షరాలకూ అదే చెయ్యి, సుద్ద గానీ నూనె గానీ పూయొద్దు.