బాజా టీమ్‌లో చేరిన మేనకోడలికి

తల్లీ,

స్టూడెంట్లే బండి తయారుచేసి రేసుకి తీసుకెళ్లే బాజా పోటీకి మీ కాలేజీ టీమ్‌లో చక్రాల దగ్గర పని నీకిచ్చారని మీ అమ్మ రాత్రి ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో, అంత టెన్షనూ పట్టుకుంది. పితంపూర్‌లో నాలుగు గంటల ఎండ్యూరెన్స్ రేసులో ఆ గుంటల దెబ్బలన్నీ కాసేది నువ్వు గీసిన హబ్బే, చక్రం మధ్య భాగమే కదా.

రూల్ బుక్ అందరూ చదవండి. పనులు పంచుకోండి. డ్రాయింగులు ఒకేచోట ఉంచండి. ఇవి నీకు తెలిసినవే.

మా ఫైనల్ ఇయర్‌లో నలుగురం కలిసి వేరుశనక్కాయలు ఒలిచే మిషను చేశాం. తిరిగే షాఫ్ట్ నాది, దాని బేరింగులు కూర్చునే హౌసింగులు నా రూమ్మేట్‌వి. 20 మిల్లీమీటర్ల షాఫ్ట్, దానికి పట్టే 6204 బేరింగ్ (బయటి కొలత 47) అని రాసుకున్నాం. షాపులో 25 రాడ్డు దొరికింది, లావుంటే ఇంకా గట్టిగా ఉంటుందిలే అని అదే తెచ్చి డ్రమ్ముకి వెల్డింగ్ చేయించేశాను. సాయంత్రం చెబుదామనుకుని క్రికెట్‌కి పోయాను. మర్నాడు వాడు హౌసింగులు 47కి బోరింగ్ చేయించుకొచ్చి, "ఎంత నున్నగా వచ్చాయో చూడరా" అని నా అరచేతిలో పెట్టాడు. ఇంకా నూనె ఆరలేదు వాటిమీద. 25కి పట్టే 6205 బయటి కొలత 52. అది తెలిసి కూడా బావున్నాయిరా అన్నాను.

టర్నర్‌ని బతిమాలి షాఫ్ట్ చివర్లు 20కి తగ్గించాను. లావు తగ్గిన ఆ మెట్టు మూలని గుండ్రంగా చేసి రేడియస్ ఇవ్వమని చెప్పాలని తట్టనే లేదు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ చూస్తుండగానే కాయల్లో రాయి ఇరుక్కుంది, షాఫ్ట్ సరిగ్గా ఆ మెట్టు దగ్గరే విరిగింది. హౌసింగులు వంకరగా పెట్టారని ఆయన వాణ్ణి తిడుతుంటే నేను నేలచూపులు చూస్తూ నిలబడ్డాను. వాడికి నిజం చెప్పడానికి పదకొండేళ్లు పట్టింది. "అప్పుడే చెప్పుంటే హౌసింగుల్ని 52కి పెంచేసేవాణ్ణి కదరా, ఒక్క పూట పని" అన్నాడు. అంతే అన్నాడు.

1999లో నాసా వాళ్లు అంగారకుడికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయిందీ రెండు జట్ల మధ్యే, ఒకరు పౌండ్లలో లెక్కలిస్తే ఇంకొకరు న్యూటన్లనుకున్నారు. అందుకే నా బాధంతా. రిమ్ములోపల నీ హబ్బు, ఇంకొకరి బ్రేక్ క్యాలిపర్ (డిస్కుని పట్టి ఆపే భాగం) పక్కపక్కనే ఇమడాలి. నువ్వు రెండు మిల్లీమీటర్లు జరిపినా ఆరోజే ఆ పిల్లాడి దగ్గరికి నడిచివెళ్లి చెప్పు, గ్రూపులో మెసేజ్ పడేసి ఊరుకోకు. అట్టతో క్యాలిపర్ ఆకారం కోసి రిమ్ములో పెట్టి తిప్పి చూడండి. బ్రేక్ టెస్టులో నాలుగు చక్రాలూ ఆగాలి, అక్కడికెళ్లాక గ్రైండర్ పట్టుకుంటే ఏం లాభం? సీనియర్లు విసుక్కున్నా సరే, నీకు అనుమానమొస్తే అడుగు. చిన్నప్పుడు నా ప్రాణం తోడేసినట్టే అడుగు.

ఇంకోటి, ఇది మాత్రం నన్ను నిద్రపోనివ్వడం లేదు. లేత్ దగ్గర జడ పైకి చుట్టి ముడేసుకో, చున్నీ వద్దు, తిరిగే మిషను దగ్గర గ్లౌజులూ వద్దు. రాత్రి పది దాటి వర్క్‌షాప్‌లో ఉంటే ఒక్క మెసేజ్ పెట్టు తల్లీ, నేను మేలుకునే ఉంటాను.

మీ మామయ్య