బంగారు నగరం గురించి అందరూ అడుగుతారు, దారి చెప్పినవాళ్ళ గురించి ఎవరూ అడగరు

మీ ప్రశ్న: "ఎల్ డొరాడో అనే లేని బంగారు నగరం కోసం స్పెయిన్ వాళ్ళు అన్నేళ్ళు అడవులు పట్టి తిరిగి ఎందుకు చచ్చారు? అంత అమాయకులా?"

అమాయకులేమీ కారు. అలా అనేవాళ్ళు 1532 సంగతి మరచిపోతారు. ఆ ఏడాది పెరూలోని కహమార్కాలో స్పెయిన్ దళపతి ఫ్రాన్సిస్కో పిజారో ఇన్కా చక్రవర్తి అటావాల్పాను బంధించాడు. తనను వదిలేస్తే ఒక గది నిండా బంగారం పోయిస్తానన్నాడు చక్రవర్తి. పోయించాడు కూడా. అయినా మరుసటి ఏడాది ఆయన్ను చంపేశారు. ఒక గది బంగారాన్ని కళ్ళారా చూసినవాడు కొండకు అవతల ఇంకో గది ఉందంటే నమ్మడా? వాళ్ళను ముంచింది ఆశ ఒక్కటే కాదు. "లేదు" అనే జవాబు వాళ్ళ చెవికి ఎక్కేది కాదు. అదీ అసలు జబ్బు. మందులు ఎగుమతి చేసే ఒక సంస్థ తరఫున కొంతకాలం కొలంబియా రాజధాని బొగోటాలో ఉన్నాను, అక్కడి మ్యూజియాలూ చెరువులూ తిరిగాను కాబట్టి ఈ విషయంలో నాకు కాస్త గట్టి అభిప్రాయాలే ఉన్నాయి.

ఆ ఫ్రాన్సిస్కోకు గొంజాలో అని ఒక సవతి తమ్ముడు ఉండేవాడు. 1541 ఫిబ్రవరిలో కీటో (ఇప్పటి ఈక్వడార్ రాజధాని) నుంచి బయలుదేరాడు. వెంట 220 మంది దాకా స్పానియార్డులు, మూటలు మోయడానికి 4,000 మంది దాకా కొండప్రాంతపు స్థానికులు, గుర్రాలు, మనుషుల మీదికి ఉసిగొల్పే కుక్కలు, తిండికి వేల పందులు. ఆండీస్ దాటితే దాల్చినచెక్క వనాలు, వాటికి అవతల ఎల్ డొరాడో అని లెక్క. దాల్చినచెట్లు కనబడ్డాయి కానీ ఒకటి ఇక్కడ ఉంటే రెండోది ఎక్కడో ఉంది. వ్యాపారానికి పనికిరావు. దాంతో అడవిలో దొరికినవాళ్ళనల్లా పట్టుకుని, వనాలు ఎక్కడున్నాయి, బయలు నేల ఎక్కడ వస్తుంది అని అడగడం మొదలుపెట్టాడు. తెలియదన్నారు. నిజంగానే తెలియదు పాపం. అలా అన్నవాళ్ళలో కొందరిని కర్రల మంచెల మీద కట్టి కాల్చాడు, కొందరిని కుక్కలకు వేశాడు. ఈ కబురు ముందున్న ఊళ్ళకు పాకింది. దెలికోలా అనే నాయకుడి వంతు వచ్చేసరికి ఆయన తడుముకోకుండా చెప్పాడు: నది వెంట ఇంకా ముందుకు వెళ్ళండి, గొప్ప రాజ్యాలున్నాయి, సంపన్నులైన ప్రభువులున్నారు.

మీరైతే ఏం చెప్పేవారు?

నా పాత ఉద్యోగంలో "ఈ మందుకు ఇక్కడ గిరాకీ లేదు" అని నివేదిక రాసినవాడిని అందరి ముందూ నిలబెట్టి కడిగేసేవారు. "వచ్చే త్రైమాసికంలో పుంజుకుంటుంది" అని రాసినవాడి భుజం తట్టేవారు. కొద్ది నెలల్లోనే అందరం రెండో రకం నివేదికల్లో ఆరితేరాం. దెలికోలా ఇచ్చిందీ అలాంటి నివేదికే, కాకపోతే ఆయన ఎదుట కుక్కలున్నాయి.

తరవాతి కథ ఆకలి కథ. పందులు అయిపోయాయి, కుక్కల్ని తిన్నారు, గుర్రాల్ని తిన్నారు. గుర్రపు నాడాలు కరిగించి మేకులు చేసి, పాత దుప్పట్లూ చొక్కాలూ చింపి సందుల్లో కూరి, చెట్ల బంక పూసి ఒక పడవ కట్టారు. తిండి వెతికి తెస్తానని ఒరెయానా అనే అతను సుమారు 60 మందితో దానిలో దిగువకు వెళ్ళాడు. వెనక్కి రాలేదు, నది వెంటే కొట్టుకుపోయి 1542 ఆగస్టులో అట్లాంటిక్ సముద్రంలో తేలాడు. దారిలో వాళ్ళు బెల్టులూ చెప్పుల అట్టలూ ఆకులతో కలిపి ఉడకబెట్టుకు తిన్నారట. ఆ పడవలో ఉన్న పాదిరీయే ఈ మాట రాసిపెట్టాడు. గొంజాలో మాత్రం 80 మందితో కాళ్ళీడ్చుకుంటూ కీటో చేరాడు. ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ కథ ఎక్కడ చదివినా ఆ 80 మంది ఎలా బతికారన్నదే రాస్తారు. మూటలు మోసిన 4,000 మందిలో దాదాపు ఎవరూ ఇల్లు చేరలేదన్నది మాత్రం ఒక్క వాక్యంలో దాటేస్తారు.

అడిగినవాళ్ళను దూరం పంపేయడం ఒక్క దెలికోలా పద్ధతే అనుకోకండి. అదే కాలంలో ఉత్తరాన, ఇప్పటి అమెరికాలో, కొరొనాడో అనే స్పానిష్ దళపతి కూడా బంగారు నగరాల వేటలో ఉన్నాడు. టర్క్ అని వాళ్ళు పేరు పెట్టిన ఒక బందీ, కివీరా అనే సీమలో బంగారానికి కొదవ లేదని నమ్మించి 1541లో ఇప్పటి కాన్సాస్ దాకా నడిపించాడు. తీరా చూస్తే గడ్డి గుడిసెలు. వీళ్ళను మైదానాల్లో దారి తప్పించి తిండి లేకుండా చేయమని పేకోస్ ఊరివాళ్ళే తనకు చెప్పారని ఒప్పుకున్నాడు. గొంతు బిగించి చంపేశారు. నన్నడిగితే ఈ మొత్తం చరిత్రలో పని తెలిసినవాడు అతనొక్కడే.

ఇక చెరువు సంగతి. ఈ పిచ్చి అంతటికీ మొదలు బొగోటాకు ఈశాన్యంగా, కొండల మీద ఉన్న గ్వాటవీటా. ముయిస్కా ప్రజల కొత్త నాయకుడు ఒంటినిండా బంగారు పొడి పూసుకుని తెప్ప మీద చెరువు మధ్యకు వెళ్ళి, బంగారమూ పచ్చలూ నీళ్ళలో సమర్పించేవాడని కథ. మొదట్లో నగరం ఊసే లేదు, ఒక మనిషి, ఒక చెరువు, అంతే. మనిషి నగరమైంది చెప్పినవాళ్ళ నోళ్ళలో. నేను వెళ్ళిన రోజు సన్నగా జల్లు పడుతోంది. అంత ఎత్తులో పది మెట్లెక్కితే ఊపిరి అందదు. పైకి చేరాక కింద గిన్నె అడుగున ఆకుపచ్చ నీళ్ళు, ఎదురుగా గట్టు మీద ఒకచోట కొండను కత్తితో కోసినట్టు పెద్ద గండి. అది 1580ల్లో సెపుల్వేదా అనే వ్యాపారి వేల మంది కూలీలతో కొట్టించింది. నీళ్ళు 20 మీటర్ల దాకా దిగాయి, కొంత బంగారం చిక్కింది, ఆ తరవాత గండి కూలి చాలామంది కూలీలు దాని కిందే పోయారు. అంతకు ముందు 1545లో ఇంకొకడు మనుషుల్ని వరసగా నిలబెట్టి సొరబుర్రలతో తోడించాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒక బ్రిటిష్ సంస్థ సొరంగం తవ్వి చెరువును ఖాళీ చేసేసింది కూడా. అడుగున మోకాళ్ళు దాటిన బురద. ఎండకు అది రాయిలా గట్టిపడింది, సొరంగం పూడుకుపోయింది, చెరువు మళ్ళీ నిండింది. 1965లో ప్రభుత్వం ఈ తవ్వకాలన్నిటికీ స్వస్తి చెప్పింది.

ఇంత కథా విన్నాక మా గుంపులో ఒకాయన గైడమ్మాయిని అడిగాడు, "మరి అడుగున ఇంకా బంగారం ఉందా?" అని. ఆ పిల్ల ముఖం చూస్తే ఆ ప్రశ్న రోజూ వింటుందని తెలిసిపోయింది. లేదని చెప్పింది. ఆయన నమ్మలేదు. బస్సు దాకా వాదిస్తూనే వచ్చాడు, పక్క సీటు నాదే అయింది.

ఆ తంతు నిజమేనా అని అడుగుతారేమో. బొగోటా బంగారు మ్యూజియంలో జానెడు పొడవైనా లేని ఒక బంగారు తెప్ప ఉంది. మధ్యలో నాయకుడు, చుట్టూ చిన్న చిన్న పరివారం, తీగల్లాంటి సన్నని పనితనం. మైనంతో బొమ్మ చేసి, చుట్టూ మట్టి పూసి, మైనాన్ని కరిగించి ఆ ఖాళీలో లోహం నింపే పద్ధతిలో చేశారు. గ్వాటవీటాను ఇంతమంది ఇన్నిసార్లు తోడినా ఇది అక్కడ దొరికింది కాదు. 1969లో బొగోటాకు దక్షిణాన పాస్కా దగ్గర ఒక గుహలో, మట్టికుండలో, స్థానిక రైతులకు కనబడింది. చూడాలనుకుంటే సోమవారం వెళ్ళకండి, సెలవు. ఆదివారం ప్రవేశం ఉచితం కాబట్టి ఆ తెప్ప ముందు నిలబడడానికి కూడా చోటు దొరకదు, మిగతా ఏ రోజయినా ఫరవాలేదు.