ఇంగ్లీషులో విశేషణాన్నీ క్రియావిశేషణాన్నీ వేరుచేసి గుర్తించడం ఎలా?

పదం చివర 'లీ' ఉంటే అది క్రియావిశేషణమే అనుకోవచ్చా అన్న ప్రశ్నకు, చాలాసార్లు అవును గానీ ఎల్లప్పుడూ కాదు అన్నదే సమాధానం. 'ఫ్రెండ్లీ', 'లవ్‌లీ', 'లోన్‌లీ' విశేషణాలే. 'ఫాస్ట్' ఏ మార్పూ లేకుండా రెండు పనులూ చేస్తుంది. 'హీ వర్క్స్ హార్డ్' అంటే కష్టపడి పనిచేస్తాడని, 'హీ హార్డ్‌లీ వర్క్స్' అంటే దాదాపు పనే చేయడని అర్థం కాబట్టి, అలవాటుకొద్దీ 'లీ' తగిలించడం ప్రమాదకరం కూడా.

అందువల్ల పదం రూపాన్ని కాక, వాక్యంలో అది దేనిని వర్ణిస్తున్నదో చూడాలి. నామవాచకాన్నో సర్వనామాన్నో వర్ణిస్తే అది విశేషణం. క్రియనో, విశేషణాన్నో, మరో క్రియావిశేషణాన్నో, ఒక్కొక్కప్పుడు మొత్తం వాక్యాన్నో వర్ణిస్తే క్రియావిశేషణం.

అసలు చిక్కు 'లుక్', 'ఫీల్', 'స్మెల్', 'టేస్ట్' వంటి క్రియలతో వస్తుంది. 'షీ లుక్డ్ యాంగ్రీ' అన్న వాక్యంలో 'యాంగ్రీ' క్రియ పక్కనే ఉన్నా, కనిపించిన మనిషి స్థితిని చెబుతున్నది కనుక విశేషణమే. 'షీ లుక్డ్ యాంగ్రిలీ ఎట్ హిమ్' అన్నప్పుడు మాత్రం చూసిన తీరును చెబుతున్నాం కాబట్టి అది క్రియావిశేషణం. సందేహం వస్తే ఇలాంటి క్రియ స్థానంలో 'వాజ్' పెట్టి చూడండి: 'షీ వాజ్ యాంగ్రీ' చక్కగా నిలుస్తుంది, 'షీ వాజ్ యాంగ్రిలీ ఎట్ హిమ్' నిలవదు.