పాలగుండలో పసుపు గుణం ఉంటుందా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా శృంగవరపుకోట. అనంతగిరి కొండల నుంచి సంతకు దిగివచ్చే ఒక గిరిజన మహిళ దగ్గర మా అత్తగారు ఏటా పాలగుండ (కొండ దుంప నుంచి తీసే తెల్లని పిండి) కొంటారు. ఇది కూడా పసుపు జాతి దుంపేననీ, పసుపు చేసే మేలంతా చేస్తుందనీ ఆవిడ నమ్మకం. మా బాబుకు ఏడాదిన్నర. వాడికి విరేచనాలు పట్టుకున్నప్పుడల్లా పాలగుండ జావ తప్ప మరేదీ పట్టనివ్వరు. ఇది నిజంగా మందేనా? కొట్లో దొరికే ఆరారూట్ పొడి, ఇది ఒకటేనా?
– ఒక పాఠకురాలు, శృంగవరపుకోట

జవాబు: మీ అత్తగారి మాటలో మొదటి సగం నిజమేనమ్మా. మన కొండల్లో పాలగుండ తీసే దుంప పసుపుకు దగ్గరి చుట్టమే. పసుపు, మామిడి అల్లం, కస్తూరి పసుపు, కచ్చూరాలు ఏ ప్రజాతికి చెందినవో ఇదీ ఆ ప్రజాతిదే. దీని శాస్త్రీయ నామం కర్‌క్యుమా అంగుస్టిఫోలియా. ఆకు సన్నగా ఉంటుంది కనుక, ఒకప్పుడు సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఆ పేరు పెట్టాడు. ఛత్తీస్‌గఢ్‌లో దీన్నే తీఖుర్ అంటారు. అయితే అమెరికా ఖండం నుంచి వచ్చి మన తోటల్లో స్థిరపడిన మరాంటా (అసలైన ఆరారూట్) అనే మొక్క దుంప నుంచి తీసిన పిండిని కూడా మనవాళ్లు పాలగుండ అనే పిలుస్తారు. అది పసుపు కుటుంబానికి చెందినది కాదు. రెండు పిండులూ చూపుకు, వాడకానికి దాదాపు ఒకేలా ఉండటం వల్ల పేరు కలిసిపోయింది.

ఇక పసుపు గుణం సంగతి. దీనికి జవాబు ఆ పిండి తయారయ్యే పద్ధతిలోనే ఉంది. శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర ఒక సవర గిరిజనుల గూడలో ఆ పని మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూశాను. ఆకులు ఎండిపోయిన తరువాత, చలికాలంలో దుంపలు తవ్వి, మన్ను పోయేలా కడిగి, గరుకు రాతి మీద అరగదీస్తారు. ఆ ముద్దను నీళ్లలో కలిపి గుడ్డలో వడగట్టి, కుండలో రాత్రంతా కదపకుండా ఉంచుతారు. తెల్లవారేసరికి పిండి అడుగున గట్టిగా పేరుకుని, పైన పసుపు ఛాయ గల నీరు తేలుతుంది. ఆ నీటిలో వేలు ముంచి నాలుకకు రాసుకుంటే చేదు. దాన్ని వంచేసి కొత్త నీళ్లు పోసి, కలిపి, మళ్లీ తేర్చుతారు. నీరు తేటగా వచ్చి, చేదు పూర్తిగా విరిగేదాకా ఇలా నాలుగైదుసార్లు చేస్తారు. ఆ తరువాత అడుగున మిగిలిన తెల్లని ముద్దను చాటలో పరిచి ఎండబెడితే, వేళ్ల మధ్య నలిపినప్పుడు కిరకిరమనే పాలగుండ సిద్ధమవుతుంది. పది కిలోల దుంపకు కిలో, మహా అయితే కిలోన్నర పిండి దిగుతుంది. సంతలో ఆ గిరిజన మహిళ చెప్పే ధర మీకు ఎక్కువనిపిస్తే ఈ శ్రమను గుర్తు చేసుకోండి, బేరమాడకండి.

ఇప్పుడు ఆలోచించండి. రంగు, చేదు, వాసన, అంటే దుంపలోని ఔషధ ద్రవ్యాలు దాదాపు అన్నీ ఆ వంచేసిన నీటితోనే పోయాయి. పసుపుకు పేరు తెచ్చిన కర్‌క్యుమిన్ అనే పదార్థం వంటింటి పసుపులోనే నూటికి రెండు నుంచి ఐదు పాళ్లు ఉంటుంది. కడిగి కడిగి తెల్లగా చేసిన పాలగుండలో దాని కోసం వెతకడం వృథా. అందులో మిగిలేది దాదాపు అంతా పిండిపదార్థమే, మాంసకృత్తులు లేశమాత్రం. కాబట్టి పసుపు చేసే మేలంతా ఇది చేస్తుందన్న మాట సరికాదు.

అలాగని దీన్ని తీసిపారేయను. సరిగ్గా ఉడికిన పాలగుండ పీచు లేకుండా, నూనె లేకుండా, మెత్తగా గొంతు దిగి సులువుగా అరుగుతుంది. జ్వరం తగ్గి నోటికి ఏదీ సహించనివారికి, కడుపులో మంటగా ఉన్నవారికి ఇంతకన్నా నెమ్మదైన ఆహారం అరుదు. దీన్ని ఉడికించడంలోనే చాలామంది పొరబడతారు. పొడిని నేరుగా వేడినీటిలో వేస్తే ఉండలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఒక చెంచా పొడిని ముందు చన్నీళ్లలో పాలలా కలుపుకొని, మరుగుతున్న గ్లాసు నీటిలో సన్నని ధారగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పండి. తెల్లటి జావ కాసేపటికి గాజులా పారదర్శకంగా మారుతుంది. ఆ మార్పు వచ్చేదాకా దించవద్దు. చిటికెడు ఉప్పు వేస్తే రోగికి, కాస్త బెల్లం, ఏలకుల పొడి వేస్తే వేసవిలో ఇంటిల్లిపాదికీ బాగుంటుంది.

మీ బాబు విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. విరేచనాల్లో పిల్లలకు ప్రాణాపాయం తెచ్చేది ఒంట్లోంచి నీరు, లవణాలు పోవడమే. పాలగుండ జావ పట్టినప్పుడు విరేచనం చిక్కబడినట్టు కనిపించి పెద్దవాళ్లకు ధైర్యం వస్తుంది, కానీ పోయిన లవణాలు ఆ జావతో తిరిగి రావు. అందుకే మొదట ఇవ్వవలసింది ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం, పెద్ద ప్యాకెట్ అయితే ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో మొత్తం ఒకేసారి కలిపి, కొద్దికొద్దిగా తాగించాలి. 24 గంటలు దాటితే మిగిలినది పారబోసి కొత్తగా కలపాలి. అందులోని గ్లూకోజు పేగు గోడ గుండా ఉప్పును, ఉప్పుతో పాటు నీటిని ఒంట్లోకి లాక్కుపోతుంది. దాని బలమంతా అక్కడే ఉంది. దీనితో పాటు ఈ వయసు పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు 14 రోజులు ఇవ్వాలి. మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి. తల్లిపాలు తాగుతుంటే మానిపించకూడదు. జావ ఇవ్వండి, కానీ మెత్తటి పప్పన్నం, పెరుగన్నం, అరటిపండు కూడా పెట్టండి. పిండిపదార్థం ఒక్కటే రోజుల తరబడి పెడితే పిల్లవాడు నీరసించి, మరోసారి జబ్బుకు లొంగిపోతాడు. ఆరు నెలలు నిండని పసివాళ్లకు పాలగుండ అసలే వద్దు. కళ్లు లోతుకు పోయినా, గంటల తరబడి మూత్రం రాకపోయినా, మగతగా పడి ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంట్లో ఏ ప్రయత్నమూ చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మీ అత్తగారి జావను కాదనకుండానే ఓఆర్ఎస్‌ను దాని ముందు నిలపవచ్చు. ఆవిడకు ఈ జవాబు చదివి వినిపించండి.

ఆయుర్వేదంలో దీన్ని తవక్షీరి అంటారు. దగ్గుకు వాడే సితోపలాది చూర్ణంలో వెదురు నుంచి వచ్చే వంశలోచనానికి బదులుగా దీన్ని వాడే అలవాటు ఉంది. వంశలోచనం ప్రధానంగా సిలికా (ఇసుకలో ఉండే ఖనిజం), ఇది పిండి; రెండూ ఒకటి కావు కనుక చూర్ణం కొనేటప్పుడు ఏది కలిపారో అడగడం మంచిది.

కొట్లో ఆరారూట్ పేరుతో అమ్మే పొడి చాలాసార్లు మొక్కజొన్న పిండి, లేదంటే కర్రపెండలం పిండి. ప్యాకెట్ వెనుక పదార్థాల పట్టీ చదివి కొనండి. విడిగా అమ్మే పొడి కన్నా, మీకు ఏటా ఇచ్చే ఆ గిరిజన మహిళ దగ్గర గడ్డలుగా ఉన్నది కొనుక్కోవడమే నయం.

ప్రశ్న: పాలగుండ చెమటకాయల మీద చల్లవచ్చా? షుగర్ ఉన్నవాళ్లు తాగవచ్చా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: చెమటకాయల మీద పలుచగా చల్లుకోవచ్చు, తేమను పీల్చుతుంది. గజ్జల్లో, చంకల్లో తామర ఉంటే మాత్రం చల్లకండి. తడిసిన పిండి అక్కడ పేరుకుని బాధ పెంచుతుంది. షుగర్ ఉన్నవారికి పాలగుండ జావ చలవ చేసే పానీయం కాదు, అన్నంతో సమానమైన ఆహారం. ఒక గ్లాసు తాగితే ఆ పూట అన్నం ఆ మేరకు తగ్గించాలి, బెల్లం, పంచదార వేయకుండా మజ్జిగతో తీసుకోవాలి.