‘కారణం ఎవరు?’ అన్నది కంప్యూటర్ సైన్స్ ప్రశ్న కూడా

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ డిగ్రీ మూడో ఏడాది చదువుతోంది. కారణం, బాధ్యత అనే సిద్ధాంతాల మీద పరిశోధన చేస్తానంటోంది. అది ఫిలాసఫీ కదా, ఉద్యోగం వస్తుందా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఫిలాసఫీలో పుట్టిన మాట నిజమే. కానీ ఇప్పుడది కంప్యూటర్ సైన్స్‌లో లెక్కగట్టే విషయం. ఇందులో దారి వేసిన జూడియా పెర్ల్‌కు కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు (2011) దక్కింది.

పదకొండు మంది ఓటేస్తే 6-5 తేడాతో ఒకరు గెలిచారనుకోండి. ఆ ఆరుగురిలో ఏ ఒక్కరు మనసు మార్చుకున్నా ఫలితం తారుమారయ్యేది. కాబట్టి ఒక్కొక్కరి బాధ్యత 1, అంటే పూర్తి బాధ్యత. అదే 11-0 అయితే, ఒకరి ఓటు కీలకం కావడానికి ముందు మరో ఐదుగురు అటు మారాలి. ఆ ఐదుగురు, తను కలిపి ఆరు మార్పులు, కాబట్టి అప్పుడు ఒక్కొక్కరి బాధ్యత 1/6. కంప్యూటర్ శాస్త్రవేత్తలు హానా చోక్లర్, జోసెఫ్ హాల్పెర్న్ 2004లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం వేసిన లెక్క ఇది. ఓటర్ల స్థానంలో ప్రోగ్రామ్ భాగాలను పెట్టండి, మీ అమ్మాయి ఆసక్తి ఏమిటో అర్థమవుతుంది.

1996లో యూరప్ వాళ్ల ఏరియాన్-5 రాకెట్ లేచిన నిమిషం తిరక్కుండానే ముక్కలైంది. దాని సాఫ్ట్‌వేర్ 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల చిన్న చోటులోకి మార్చబోతే అది పట్టలేదు. ఆ కోడ్ అంతకు ముందరి రాకెట్ ఏరియాన్-4లో బాగానే నడిచింది. మరి తప్పు రాసినవారిదా, కొత్త రాకెట్ వేగానికి సరిపోతుందో లేదో పరీక్షించకుండా వాడినవారిదా? నాకు ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న అనిపిస్తుంది. రేపు యంత్రాలు తీసుకునే నిర్ణయాలకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా.

ఉద్యోగం సంగతి. సిద్ధాంతమే వృత్తి కావాలంటే పీహెచ్‌డీ తప్పదు, అది ఏళ్ల పని. అంతదూరం వెళ్లకపోయినా ఈ చదువు వృథా పోదు. సాఫ్ట్‌వేర్ వెరిఫికేషన్‌లో, అంటే ప్రోగ్రామ్ సరిగ్గా పనిచేస్తుందో లేదో నిర్ధారించే పనిలో, లోపానికి మూలం వెతకడానికి ఇదే ఆలోచన కావాలి. డేటా సైన్స్‌లోనూ అంతే, అమ్మకాలు పెరిగింది మనం చేసిన మార్పు వల్లా, మరో కారణం వల్లా అన్నది తేల్చగలవారి అవసరం ఉంది. ప్రాబబిలిటీ, లాజిక్ గట్టిగా నేర్చుకోమనండి. కోడింగ్ మాత్రం వదలొద్దు.

ముందుగా తన ప్రాజెక్టులోనే దొరికిన ఒక బగ్ తీసుకుని, ఏ లైను మార్చి ఉంటే అది వచ్చేది కాదో, అలాంటి లైన్లు ఎన్ని ఉన్నాయో, ఒక్కోదాని బాధ్యత ఎంతో రెండు పేజీల్లో రాయమనండి. అది పట్టుకుని కాలేజీలో లాజిక్ చెప్పే అధ్యాపకుల దగ్గరికి వెళ్లి, ఫైనలియర్ ప్రాజెక్టు ఇదే అంశం మీద చేయొచ్చా అని అడగమనండి.