కోడలా, ఆ పెద్దమ్మాయిని మంచిదానిగానే ఉండనివ్వు

కోడలా,

నువ్వు ఆఫీసుకి సెలవు పెట్టి సోమవారం ముంబైలో హిందీ సినిమా నిర్మాతకి నెరేషన్ ఇవ్వబోతున్నావని, అంటే నీ కథ వినిపించబోతున్నావని, నిన్న మీ అమ్మ, అదే మా అక్క, ఫోన్ చేసి చెప్పింది. మాటల్లో సగం ఏడుపు, సగం గొప్ప. నా సంగతీ అంతే అనుకో. రాత్రి కూర్చుని నువ్వు పంపిన పద్నాలుగు పేజీల సినాప్సిస్ రెండుసార్లు చదివాను. తండ్రిని మోసం చేసినవాడి మీద పగ తీర్చుకునే నీరజే హీరో, వాడే హంతకుడు, అయినా వాడు పోతే జనం కళ్లు తుడుచుకోవాలి. చూసి చూసి కష్టమైన పనే నెత్తికెత్తుకున్నావు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. స్క్రిప్టు 120 పేజీలు దాటనివ్వకు, పేజీకి నిమిషం లెక్క. ఇంటర్వెల్ 55కీ 60కీ మధ్య పడాలి. నెరేషన్‌లో కాగితం చూసి చదవకు. రాజస్థాన్‌లోని భిల్వాడా కుర్రాడి చేత నాలుగు చోట్ల "నక్కో" అనిపించావు, ఒకచోట "హౌ" కూడా. అది మన హైదరాబాద్ హిందీ తల్లీ, మేవాడ్ వాళ్ల నోట రాదు. అటువైపు వాళ్లెవరినైనా పట్టుకుని డైలాగులన్నీ పైకి చదివించి దిద్దించుకో.

ఇప్పుడు నాకు నిద్రపట్టనివ్వని సంగతి. అయిదో పేజీ.

నీ కథలో మోసగాడి పెద్ద కూతురు పనిమనిషిని చెంపదెబ్బ కొడుతుంది. కారు కింద కుక్కపిల్ల పడితే నవ్వుతుంది. ప్రేమించినవాడిని పదిమందిలో వెక్కిరిస్తుంది. ఎందుకు రాశావో తెలియక కాదు. ఇంకో పావుగంటలో నీ నీరజ్ ఆ పిల్లని చంపాలి, అప్పుడు జనానికి వాడి మీద కోపం రాకూడదు, అందుకని ముందే ఆ పిల్లకి మసి పూశావు. రెండేళ్ల కిందటి నీ షార్ట్ ఫిల్మ్‌లోనూ ఇదే చేశావు. ఇంటి ఓనరుని తాగుబోతుని చేసి, పెళ్లాన్ని కొట్టేవాణ్ని చేసి, అప్పుడు చంపించావు. అప్పుడు బాగుందని ఊరుకోవడం నా తప్పు.

1993 నవంబర్ 12న వచ్చిన "బాజీగర్" మళ్లీ చూడు, ఈసారి పెన్నూ కాగితం పక్కన పెట్టుకుని. అందులో హీరో అజయ్, అదే షారుఖ్ ఖాన్, తన తండ్రిని ముంచిన మదన్ చోప్రా మీద పగబడతాడు. ఆ చోప్రా పెద్ద కూతురు సీమ ఏం పాపం చేసింది? ఏమీ లేదు. అజయ్‌ని నమ్మింది. ఇంట్లో చెప్పకుండా ప్రేమించింది. సరదాగా రాద్దాం అంటే ఆత్మహత్య చీటీ రాసిచ్చింది, పెళ్లి అంటే రిజిస్ట్రార్ ఆఫీసుకి వచ్చింది. వాడు ఆ మేడ మీది నుంచే తోసేశాడు. ఆ పాత్రలో శిల్పా శెట్టికి అదే మొదటి సినిమా కాబట్టి చూసేవాళ్ల మనసులో ఆమె మీద పాత ముద్ర ఏదీ లేదు, ఆమెకి ఏమీ కాదనే భరోసా కూడా లేదు. ఆ చావుకి జనం దగ్గర సిద్ధంగా ఉన్న సాకు ఒక్కటీ లేదు. అందుకే ఆ తర్వాత మిగిలిన సినిమా అంతా అజయ్ నవ్వినా, పాట పాడినా మన వెన్నులో చలి పోదు. సీమ పొగరుబోతు అయ్యుంటే "పోనీలే, తగిన శాస్తి" అనుకుని పాప్‌కార్న్ తినేవాళ్లం. శాస్తి అనుకున్న మరుక్షణం వాడు విలన్ కాడు, మామూలు హీరో. నీకు మామూలు హీరో కావాలంటే ఈ కథ దేనికి?

జాలి వేరు, ఒప్పుకోలు వేరు. నువ్వు ఆ రెంటినీ కలిపేస్తున్నావు. ఒకడి బాధ చూసి గుండె కరగొచ్చు, అదే గుండె వాడు చేసిన పనిని కాదనొచ్చు. ఆ రెండూ ఒకే సీట్లో కూర్చున్న మనిషిలో కొట్టుకోవాలి. చంపబడినవాళ్లని చెడ్డవాళ్లని చేస్తే కొట్లాట ఆగిపోతుంది.

ఇంకో సంగతి గమనించు. "బాజీగర్" కథకి మూలం అమెరికా రచయిత ఐరా లెవిన్ 1953లో రాసిన నవల. అందులో హంతకుడికి పగా లేదు, మతి చలించిన తల్లీ లేదు, ఉన్నది డబ్బున్న కుటుంబంలోకి దూరాలన్న ఆశ. చీటీ కూడా స్పానిష్ పాఠం అనువాదం పేరుతో రాయించుకుంటాడు. హిందీ వాళ్లు మేడ ఉంచారు, చీటీ ఉంచారు, ఆశ తీసేసి దాని చోట మోసపోయిన తండ్రినీ మతి చలించిన తల్లినీ పెట్టారు. చేసే పని అదే, చేయించే కారణం ఒక్కటే మారింది. కానీ ఆ కారణం బరువెక్కింది కదా అని బలైన పిల్లని తేలిక చేయలేదు. రాబిన్ భట్, ఆకాశ్ ఖురానా, జావేద్ సిద్దిఖీలకి స్క్రీన్‌ప్లేకి ఫిల్మ్‌ఫేర్ వచ్చిందంటే ఊరికే రాలేదు.

కాబట్టి అయిదో పేజీలో కుక్కపిల్లని తీసెయ్. ఆ పిల్లకి ఒక మంచి సీను రాయి, హత్యకి ఎక్కువ ముందు కాకుండా, రెండు మూడు సీన్ల ముందు. దానం చేసే సీను వద్దు, అది సినిమా మంచితనం. చెల్లెలి పరీక్ష ఫీజు తను కట్టి నాన్నకి చెప్పొద్దనడం లాంటిది చాలు.

ఫ్లాష్‌బ్యాక్ మొదటి పేజీలోనే పెట్టావు. అక్కడ వద్దు. కారణం ముందే తెలిస్తే జనం వాడికి బెయిల్ ఇచ్చేసి కూర్చుంటారు. మొదట్లో ఒక చిన్న గాయం చూపించు చాలు, తల్లి మందుల సీసా, మూసేసిన మిల్లు గేటు, అంతవరకే. పూర్తి కథ చిన్నకూతురికి నిజం తెలిసిన చోట, ఆమె నిలదీసినప్పుడు రావాలి. అప్పటికి జనం తీర్పు ఇచ్చేసి ఉంటారు, ఆ తీర్పు మీద ఈ బాధ వచ్చి పడాలి. తల్లి సీన్లు మొత్తం మీద మూడు మించకూడదు. నువ్వు ఏడు రాశావు. ఏడుసార్లు ఏడిపిస్తే నాలుగోసారికి కళ్లు ఎండిపోతాయి.

హత్యల వరస చూద్దాం. "బాజీగర్"లో మొదటి హత్య ఒక్కటే పగ. అజయ్ గుట్టు విప్పే ఫోటో చేతిలో ఉన్న కాలేజీ కుర్రాడు రవి, సీమ స్నేహితురాలు అంజలి, వీళ్లిద్దరికీ ఆ పగతో సంబంధం లేదు. గుట్టు బయటపడుతుందన్న భయంతో పోయారు. నువ్వు మూడు హత్యలకీ పగనే కారణం చేసి మోసగాడి మనుషులనే చంపించావు. రెండోది మార్చు, వాడికి మంచి చేసినవాడే పోవాలి. మొదటి హత్యకి నాలుగు సీన్లు పథకం వేసినవాడు రెండోదానికి నాలుగు నిమిషాలు కూడా ఆలోచించకూడదు. వాడు జారుతున్నాడని జనానికి మాటల్లో చెప్పక్కర్లేదు, ఆ తొందరే చెబుతుంది.

చిన్నకూతురిని ఏడ్చే బొమ్మని చేయకు. పరిశోధన ఆమె చేతిలోనే ఉండాలి. ఆమె కనిపెట్టాలనీ అనిపించాలి, కనిపెడితే ఏమవుతుందోననీ అనిపించాలి. సెకండాఫ్‌కి ఇంజన్ అదే, ఇన్‌స్పెక్టర్ కాదు. అన్నట్టు నీ ఇన్‌స్పెక్టర్ హత్య కేసుకి పాత ఐపీసీ సెక్షన్ "302" అంటున్నాడు. కథ ఈ ఏడాది జరుగుతోందంటే 2024 జులై 1 నుంచి హత్యకి భారతీయ న్యాయ సంహితలో 103వ సెక్షన్. కథ అంతకుముందుదైతే 302 ఉంచెయ్, కానీ ఏ సంవత్సరమో నువ్వు తేల్చుకో.

రిజిస్ట్రార్ ఆఫీసు నువ్వూ వాడావు. తీసెయ్. నిర్మాత మొదటి నిమిషంలోనే పోలిక పట్టేస్తాడు, అదొకటి. పైగా స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్లంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేలా పెడతారు. అక్కడ వాడి పేరు ఉంటుంది కదే! గుట్టుగా చంపదలచినవాడు తన పేరు గోడకి అంటించుకుంటాడా? ఆత్మహత్య చీటీ ఒక్కటే చాలనుకోకు. ఈ రోజుల్లో చూసేవాళ్లు చీటీ కన్నా ముందు ఫోన్ ఏదని అడుగుతారు. ఆ పిల్ల ఫోన్ ఎక్కడుంది, సీసీ కెమెరా ఎటు తిరిగి ఉంది, ఈ రెండు ప్రశ్నలకి హత్య సీనులోనే జవాబు పెట్టు. లేకపోతే ఇంటర్వెల్‌లో సమోసా తింటూ నీ కథని ముక్కలు చేస్తారు.

ప్రతీకారం ఏ పనిముట్టుతో మోసం జరిగిందో దానితోనే జరగాలి. అజయ్ తండ్రి కంపెనీ పవర్ ఆఫ్ అటార్నీతో పోయింది, అజయ్ కూడా అదే రాయించుకుని తిరిగి లాక్కున్నాడు, బోర్డు మీద పేరు మారింది. నువ్వు కూడా పవర్ ఆఫ్ అటార్నీయే పెట్టావు. ఇప్పుడు దాన్ని ఎవరూ నమ్మరు. నీ కథకి సరిపోయేది డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, అంటే కంపెనీ ఫారాల మీద ఆన్‌లైన్‌లో సంతకం పెట్టే పరికరం. పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది. చాలా చిన్న కంపెనీల్లో డైరెక్టర్లు దాన్ని పాస్‌వర్డ్‌తో సహా అకౌంటెంటు సొరుగులో పడేస్తారు. మిల్లు యజమాని ఆసుపత్రిలో ఉండగా, ఆయన రాజీనామా చేసినట్టు భాగస్వామి ఒక లేఖ పుట్టించి, ఆ టోకెన్‌తో కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఫారం దాఖలు చేయిస్తాడు. ఏళ్ల తర్వాత నీరజ్ అదే సొరుగు దగ్గరికి వస్తాడు. సొరుగుని మొదటి పావుగంటలో ఒకసారి, ఏమీ చెప్పకుండా చూపించు.

కాగితాల మాట వచ్చింది కాబట్టి నా అసలు భయం చెప్పేస్తాను. నీ కథలో వాడి నాన్న చదవకుండా సంతకం పెట్టి ములిగాడు. నువ్వు పెట్టకు. సోమవారంలోపు స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో సభ్యురాలివై స్క్రిప్టు రిజిస్టర్ చేయించు, ఆన్‌లైన్‌లోనే అవుతుంది. నెరేషన్ అయిన సాయంత్రమే "ఈ రోజు ఫలానా కథ వినిపించాను" అని రెండు లైన్ల మెయిల్ కొట్టి సినాప్సిస్ జత చెయ్. ఒప్పందం అక్కడికక్కడ ఇచ్చి సంతకం అంటే, మా మామయ్య లాయరు, ఆయన చూడాలి అను. అబద్ధమే, ఫరవాలేదు. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకే హక్కు ఇచ్చినట్టు, ఏ దేశాలకో రాయకపోతే మన దేశానికే. కొన్నవాళ్లు ఏడాదిలోగా ఆ హక్కు వాడకపోతే అది నీకు తిరిగి వస్తుంది, ఒప్పందంలో ఇంకోలా రాసి ఉంటే తప్ప. వాళ్లు రాసేది సరిగ్గా ఆ "ఇంకోలా"నే, అక్కడ వేలు పెట్టి చదువు. 2012 సవరణ వల్ల థియేటర్ బయట వాడకానికి వచ్చే రాయల్టీలో నీ వాటా వదులుకున్నానని రాయించుకున్నా చెల్లదు. సైనింగ్ అమౌంట్ చేతికి రాకుండా పూర్తిగా రాసిన బౌండ్ స్క్రిప్ట్ వదలకు.

సెన్సార్ సర్టిఫికెట్ గురించి కూడా ఆలోచించుకో. పెద్దలకు మాత్రమే అనే "ఎ" వస్తే టీవీలో ఉన్నదున్నట్టు వేయలేరు, నిర్మాత అక్కడే లెక్క వేస్తాడు. హత్య చూపించడం కన్నా హత్య తర్వాత వాడి చేతులు చూపించు. "బాజీగర్" తీసిన అబ్బాస్ మస్తాన్‌లు ఎడిటింగ్ బల్ల మీద నుంచి వచ్చినవాళ్లు, ఎక్కడ కోయాలో వాళ్లకి తెలుసు. నువ్వు కాగితం మీదే కోసుకో.

చివర్లో నీ నీరజ్ విమానం ఎక్కి వెళ్లిపోతున్నాడు. ఎక్కనివ్వకు. వాడిని ప్రేమించినవాళ్లం కూడా ఆ మూడు శవాలని దాటుకుని విమానం దాకా రాలేం. అజయ్ కూడా తల్లి ఒడిలోనే పోయాడు. నీవాడు చావాలో జైలుకి పోవాలో నువ్వే చూసుకో, ఆ బాకీ మాత్రం సినిమాలోనే తీరాలి.

దాదర్‌లో దిగి వెస్టర్న్ లైన్ లోకల్ ఎక్కు, అంధేరికి అదే దారి. ఉదయం రద్దీలో బ్యాగు ముందుకి వేసుకో. అక్కకి నేను నచ్చజెప్పుకుంటాను, నువ్వు ఫోన్‌లో దాంతో వాదించకు. మార్చిన అయిదో పేజీ శనివారం రాత్రిలోగా నాకు పంపు. నేను మేలుకునే ఉంటాను. కుక్కపిల్ల బతికే ఉండాలి.

మీ మామయ్య