సెస్నా 172కి హ్యాంగర్: కొటేషన్లలో తేడా ఎందుకంటే

అన్నగారూ, టెక్సాస్‌లో మీ చిన్న విమానం సెస్నా 172ని పెట్టుకునే హ్యాంగర్ (విమానం షెడ్డు) కట్టడానికి వచ్చిన మూడు కొటేషన్లకూ పొంతన లేదన్నారు కదా. తలుపు దగ్గరే తేడా వచ్చి ఉంటుంది. ఒకరు తలుపు ధర కలిపి చెబుతారు, ఇంకొకరు తలుపు లేకుండా ఖాళీ మాత్రం వదిలేస్తారు. విమానం రెక్కల వెడల్పు 36 అడుగులు, తోక ఎత్తు దాదాపు 9 అడుగులు. నేనైతే తలుపు 42 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు పెట్టిస్తాను, రేపు అమ్మేటప్పుడూ పనికొస్తుంది. బైఫోల్డ్ తలుపు (మధ్యలో మడతపడి పైకి లేచేది) మడుచుకున్నాక కొంత ఎత్తు తినేస్తుంది, అందుకే తెరిచాక మిగిలే ఎత్తు కాగితం మీద రాయించుకోండి. ముందువైపు ఫ్రేము ఆ తలుపు బరువుకి తగ్గట్టు మొదటే డిజైన్ కావాలి, తర్వాత తగిలిద్దామంటే కష్టం. కాంక్రీటు, కరెంటు ఖర్చు విడిగా అడగండి.

స్థలం ఎయిర్‌పోర్టుదా? లీజు తీరాక కట్టడం వాళ్లకే పోయే షరతుందేమో చూడండి (చాలాచోట్ల ఉంటుంది). ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ)కి కట్టడం గురించి ముందుగా తెలిపే 7460-1 ఫారం అవసరమైతే పని మొదలెట్టడానికి కనీసం 45 రోజుల ముందే పంపాలి.